బ్యాంకులకూ ఇంటిపేరు మారుతుంది

పెళ్ళయితే ఇంటిపేరు మారడం మనకి కొత్త కాదు. రేషన్ కార్డు, గ్యాసు పుస్తకం, ఓటరు కార్డు, ఆధార్, పాన్, ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతాం. ఒక చోట పుట్టింటి పేరు మిగిలిపోతుంది, ఇంకో చోట అత్తింటి పేరు చేరుతుంది. పదేళ్ళ తర్వాత ఏదో ఆఫీసులో గుమాస్తా రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని "ఈ ఇద్దరూ ఒకరేనా అమ్మా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న వినని ఆడది మన వీధిలో ఉండదు.

బ్యాంకులకీ సరిగ్గా ఇదే జరుగుతుంది. ఒక బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిస్తే మొదట బోర్డు మారుతుంది. తర్వాత పాస్‌బుక్కు, చెక్కుబుక్కు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారతాయి. అన్నిటికన్నా ఆఖరున క్రెడిట్ కార్డు మారుతుంది. అసలు చిక్కులన్నీ ఆ ఆఖరి మజిలీలోనే. ఆ సంగతి చెప్పాలంటే ముందు కొంచెం పాత కథ చెప్పుకోవాలి. మనది కాబట్టి బందరు నుంచే మొదలుపెడతాను.

భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు వృత్తికి డాక్టరు, మనసుకి కాంగ్రెస్ మనిషి. ఆయన మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 1923 నవంబర్ 20న రిజిస్టరు చేసి, 28న వ్యాపారం మొదలుపెట్టారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. అప్పటికి మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. ఆంధ్ర అనే పేరుతో రాష్ట్రం రావడానికి ఇంకా 30 ఏళ్ళుంది. అంటే మన పేరు రాష్ట్రం బోర్డు మీదకన్నా ముందు బ్యాంకు బోర్డు మీద కనిపించిందన్నమాట.

మా అత్తగారిది గుడివాడ దగ్గర పల్లెటూరు. మామయ్యగారు బడిపంతులు. ఆవిడ ట్రంకు పెట్టెలో పట్టుచీరల అడుగున ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్కులు ఏడో ఎనిమిదో ఉండేవి. నిండిపోయిన పుస్తకాలు ఎందుకు దాచారని అడిగితే, "అందులో మీ ఆయన చదువుంది, మీ ఆడపడుచు పెళ్ళుంది, పారేస్తామా?" అనేవారు. నిజమే. ఫలానా తారీఖున తీసిన 3,000 దేనికో ఆవిడకి ఆ పద్దు చూడగానే చెప్పడం వచ్చు.

ఇప్పుడు మింగబడిందని మనం బాధపడే ఆ బ్యాంకు కూడా ఒకప్పుడు ఇంకో బ్యాంకుని కలుపుకున్నదే. బందరులోనే భారత లక్ష్మీ బ్యాంకు ఉండేది. అది 1964లో ఆంధ్రా బ్యాంకులో కలిసిపోయింది. దాని పేరు ఇవాళ ఎంతమందికి గుర్తుంది? తర్వాత 1969 జూలైలో కేంద్రం 14 బ్యాంకులని జాతీయం చేసినప్పుడు మనది ఆ జాబితాలో లేదు. 1980 ఏప్రిల్ 15న మరో ఆరింటిని జాతీయం చేసినప్పుడు చేరింది. ఆ మరుసటి సంవత్సరమే, 1981లో, ఆంధ్రా బ్యాంకు క్రెడిట్ కార్డు తెచ్చింది. మన దేశంలో కార్డులిచ్చిన తొలి బ్యాంకుల్లో అదొకటి. కార్డంటే మనకి రేషన్ కార్డూ పోస్టు కార్డూ తప్ప తెలియని రోజులవి!

2019 ఆగస్టు 30న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు ప్రభుత్వ బ్యాంకుల విలీనాలు ప్రకటించారు. ఆంధ్రా బ్యాంకూ, ఉడిపిలో 1906లో పుట్టిన కార్పొరేషన్ బ్యాంకూ కలిసి ముంబైలోని యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలోకి వెళ్ళాలని నిర్ణయం. ఆంధ్రా బ్యాంకు షేర్లు 1,000 ఉన్నవాళ్ళకి యూనియన్ బ్యాంకు షేర్లు 325 ఇచ్చారు. 2020 ఏప్రిల్ 1న అది అమల్లోకి వచ్చింది. ఆ రోజు దేశమంతా లాక్‌డౌన్‌లో ఉంది. 96 ఏళ్ళ బ్యాంకు వీధిలో మనిషి లేని రోజున వెళ్ళిపోయింది.

తెలంగాణ వాళ్ళకి ఈ అనుభవం మూడేళ్ళు ముందే అయింది. నిజాం కాలంలో 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు పెట్టారు. సంస్థానపు సొంత నాణెం, ఉస్మానియా సిక్కా వ్యవహారాలు చూసిన బ్యాంకు అది. 1956లో పేరు తిరగేసి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 1959లో స్టేట్ బ్యాంకుకి అనుబంధమైంది. 2017 ఏప్రిల్ 1న పూర్తిగా దానిలో కలిసిపోయింది. అదే రోజున, అదే స్టేట్ బ్యాంకులో ఇంకొకటి కూడా కలిసింది. దాని గురించి మన ఆడవాళ్ళే సరిగా మాట్లాడుకోలేదు. భారతీయ మహిళా బ్యాంకు. 2013 నవంబర్ 19న ముంబైలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ గారు ప్రారంభించారు, 1,000 కోట్ల మూలధనంతో. మూడున్నరేళ్ళు కూడా తిరక్కుండా మన పేరు మీద పెట్టిన బ్యాంకు ఇంటిపేరు మార్చుకుని వెళ్ళిపోయింది.

ఇక కార్డుల దగ్గరికి వద్దాం.

బ్యాంకులు కలవడమంటే ఒక్క రోజులో జరిగే పని కాదు, మూడు విడతలు. మొదటిది చట్ట ప్రకారం కలవడం. గెజిట్‌లో వచ్చిన తారీఖున ఆస్తులూ అప్పులూ అన్నీ కొత్త బ్యాంకువి అవుతాయి. మన కార్డు బాకీ కూడా అందులో భాగమే. "బ్యాంకే లేదు కదా, బాకీ ఎవరికి కట్టాలి?" అని నవ్వుకునేవాళ్ళుంటారు కానీ బాకీ ఎక్కడికీ పోదు, యజమాని మారతాడంతే. రెండోది కంప్యూటర్లు కలవడం. ఆంధ్రా బ్యాంకు ఖాతాదారులకి పాత చెక్కుబుక్కులూ పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లూ ఏడాది పాటు, 2021 మార్చి 31 దాకా పనిచేసింది అందుకే. మూడోది కార్డులు మారడం.

కార్డు మీద 16 అంకెలు ఊరికే వేసినవి కావు. 4తో మొదలైతే వీసా. మొదటి ఆరో ఎనిమిదో అంకెలు ఆ కార్డు ఏ బ్యాంకు ఇచ్చిందో చెబుతాయి. ఒక రకంగా అది కార్డు ఇంటిపేరు. తర్వాత వచ్చే అంకెలు మన ఖాతావి. కాబట్టి బ్యాంకు మారాక ఇవాళ కాకపోతే రేపైనా నంబరు మారే అవకాశం ఎక్కువ. సిటీ బ్యాంకు మన దేశంలో కార్డుల వ్యాపారం యాక్సిస్ బ్యాంకుకి అమ్మినప్పుడు చూశాం కదా. చేతులు మారింది 2023 మార్చి 1న. కార్డులు యాక్సిస్ వ్యవస్థలోకి వెళ్ళింది 2024 జూలైలో. మధ్యలో 16 నెలలు పాత బ్యాంకు పేరున్న కార్డునే జనం గీకారు.

ఇప్పుడు మా ఇంట్లో జరిగింది చెబుతాను. కొన్నేళ్ళ కిందటి సంగతి, బ్యాంకుల పేర్లతో మనకి పని లేదు. మా వారికి రెండు బ్యాంకుల్లో రెండు కార్డులుండేవి. ఒకదానికి లిమిట్ లక్షన్నర, రెండోదానికి లక్ష. లక్షదే పాతది, దాని మీద నాకు యాడ్ ఆన్ కార్డు ఉండేది. సరుకులు, పిల్లల ఫీజులు, కరెంటు బిల్లు, అత్తగారి మందులు, ఇంటిల్లిపాదికీ ఉన్న ఆరోగ్య బీమా, అన్నీ దాని మీదే. పదకొండేళ్ళు ఒక్క నెల కూడా గడువు దాటకుండా బిల్లు కట్టించింది నేను. డైరీలో తారీఖు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి మరీ.

ఆ రెండు బ్యాంకులూ కలిశాయి. ఒకే పాన్ నంబరు మీద రెండు కార్డులున్నట్టు కొత్త బ్యాంకు కంప్యూటరుకి తెలిసింది. ఒక మనిషికి ఒక లిమిట్ చాలని, లక్షన్నర కార్డు ఉంచి, లక్ష కార్డు మూసేశారు. దానితోపాటు నా యాడ్ ఆన్ కార్డూ పోయింది. కబురు మా వారి ఫోనుకి వచ్చింది. ఆయన ఆ నెలంతా ఊళ్ళు తిరిగే ఉద్యోగంలో ఒరిస్సాలో ఉన్నారు. బ్యాంకు నుంచి రోజూ వచ్చే పాతిక మెసేజీల్లో అదొకటి.

కిరాణా కొట్లో కార్డు పనిచేయకపోతే పెద్ద నష్టమేం లేదు, డబ్బులిచ్చి వచ్చాను. కానీ ఆరోగ్య బీమా ప్రీమియం ఆ కార్డు నుంచే దానంతటది వెళ్ళేలా పెట్టి ఉంది. కార్డు మూతపడితే అది వెళ్ళదు. ఆ అనుమతి కొత్త కార్డుకి దానంతటది బదిలీ కాదు. ఏడాది పాలసీకి గడువు దాటాక 30 రోజులు వెసులుబాటు ఉంటుంది. అదీ దాటితే పాలసీ చచ్చినట్టే. మళ్ళీ తీసుకోవాలంటే పాత జబ్బులకి ఎదురుచూపు మొదటి నుంచి మొదలవుతుంది. మా అత్తగారికి అప్పటికే స్టెంటు వేసి ఉంది.

ఇరవై ఆరో రోజున, కాగితాలు సర్దుతూ రసీదు ఇంకా రాలేదేమిటా అని చూస్తే విషయం తెలిసింది. వెంటనే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి చాలా మర్యాదగా, "మేడమ్, ప్రైమరీ కార్డ్ హోల్డర్‌తోనే మాట్లాడగలం" అంది.

"ఆ కార్డు వాడేది నేనేనమ్మా. బిల్లు కట్టేది కూడా నేనే."

"మా రికార్డులో మీ పేరు లేదు మేడమ్."

పదకొండేళ్ళు! ఆ అమ్మాయిని అనేందుకేం లేదు. ఆమె ముందున్న తెరలో నేను నిజంగానే లేను. చివరికి మా వారికి ఫోన్ చేసి, ఆయన ఖాతా నుంచి ఆ పూటే ప్రీమియం కట్టించాం. నాలుగు రోజులు మిగిలుండగా పాలసీ నిలబడింది. సరిగ్గా ఆ ఏడాదే ఆవిడకి రెండోసారి ఆసుపత్రి అవసరం పడింది. ఆ నాలుగు రోజులు నాకిప్పటికీ లెక్కే.

ఆ తర్వాత ఈ వ్యవహారమంతా కూర్చుని చదివాను. యాడ్ ఆన్ కార్డు మీద మన పేరు అచ్చయి ఉంటుంది కానీ ఖాతా మనది కాదు. బాకీ బాధ్యత ప్రైమరీ కార్డుదారుడిది, మంచి పేరూ ఆయనదే. మన దేశంలో సిబిల్ 2000లో ఏర్పడింది. ఎవరు అప్పు తీసుకున్నారు, సమయానికి కట్టారా లేదా అని ఊళ్ళో పెద్దమనుషుల్లాగా లెక్క రాసుకునే సంస్థ అది. నేను పదకొండేళ్ళు వేళకి కట్టించిన ప్రతి బిల్లూ మా వారి చరిత్రలో చేరింది. నా చరిత్ర ఖాళీ కాగితం.

ఇది మన ఒక్కరి గోడే అనుకోనక్కర్లేదు. క్రెడిట్ కార్డు పుట్టిన అమెరికాలోనూ ఇదే తంతు. 1950లో డైనర్స్ క్లబ్, 1958లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ఊళ్ళో 60,000 మందికి బ్యాంక్ ఆఫ్ అమెరికా పోస్టులో పంపిన కార్డులు, వాటితో అక్కడ ఈ యుగం మొదలైంది. కానీ పెళ్ళయిన ఆడది తన పేరున కార్డు అడిగితే మొగుడి సంతకం తెమ్మనేవారు. 1974లో అప్పు ఇచ్చేటప్పుడు ఆడా మగా తేడా, పెళ్ళయిందా లేదా అన్న తేడా చూపకూడదని చట్టం చేశారు. భార్యాభర్తలిద్దరూ వాడే ఖాతా చరిత్ర ఇద్దరి పేర్లనా రాయాలన్న నిబంధన దాని వెనకే వచ్చింది. అక్కడి ఆడవాళ్ళు అడిగి తెచ్చుకున్నది డబ్బు కాదు, లెక్కల్లో తమ పేరు.

బ్యాంకు మారినప్పుడు మనం చూసుకోవాల్సినవి కొన్ని చెబుతాను. వంటింట్లో సరుకుల జాబితాలాగా రాసి పెట్టుకోండి.

కార్డు మీద దానంతటవే వెళ్ళే చెల్లింపులు ఏమేమున్నాయో ఒక కాగితం మీద రాయండి. బీమా, ఫోను, పిల్లల పాఠాల యాప్, అన్నీ. నంబరు మారితే ఒక్కొక్కదానికీ మళ్ళీ అనుమతి ఇవ్వాలి. పాత కార్డు పాయింట్లు ఎప్పటిలోగా వాడుకోవాలో కొత్త బ్యాంకు పంపిన ఉత్తరంలో చూడండి. చివరి పాత బిల్లు ఏ ఖాతాకి కట్టాలో కూడా అందులోనే ఉంటుంది.

రెండు కార్డుల లిమిట్లు కలిపేస్తే ఒక లెక్క వేసుకోండి. రెండు కార్డులున్నప్పుడు మా మొత్తం లిమిట్ రెండున్నర లక్షలు. నెలకి 60,000 వాడితే 24 శాతం. లక్షన్నరే మిగిలాక అదే 60,000 ఏకంగా 40 శాతం. మనం ఒక్క రూపాయి ఎక్కువ ఖర్చు పెట్టకపోయినా, అప్పు మీద బతుకుతున్నట్టు కనిపిస్తాం. 30 శాతం లోపు ఉంటే మేలని అంటారు కాబట్టి, అవసరమైతే లిమిట్ పెంచమని అడగవచ్చు.

విలీనం తర్వాత క్రెడిట్ రిపోర్టు ఒకసారి తెప్పించుకోండి. సిబిల్‌తో కలిపి మన దేశంలో నాలుగు సంస్థలున్నాయి, ఏడాదికోసారి ఒక్కొక్కటీ ఉచితంగా ఇవ్వాలి. ఒకే కార్డు రెండు బ్యాంకుల పేర్లతో రెండుసార్లు కనిపిస్తోందా, పాత ఖాతా మొదలైన తారీఖు సరిగా ఉందా, చూడండి. తప్పుంటే అక్కడే ఫిర్యాదు పెట్టవచ్చు.

రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన నిబంధనలు మనకి అండగా ఉన్నాయి. అడక్కుండా కార్డు ఇవ్వకూడదు. మన ఒప్పుదల లేకుండా లిమిట్ పెంచకూడదు. బాకీ లేని కార్డు మూసేయమంటే ఏడు పనిదినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకి 500 రూపాయల చొప్పున మనకి చెల్లించాలి. ఇవి తెలిసి మాట్లాడితే అవతలి గొంతు కూడా మారుతుంది.

కార్డు సంగతి కాకపోయినా ఒక్క మాట, ఎందుకంటే పొదుపు దాచేది మనమే. మన డిపాజిట్లకి బీమా ఉంది. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మునిగాక వచ్చిన ఏర్పాటది. 1962లో 1,500 రూపాయలతో మొదలై, 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షలైంది. అది ఖాతాకి కాదు, ఒక బ్యాంకులో ఒక మనిషికి. రెండు బ్యాంకుల్లో నాలుగేసి లక్షలు వేసుకుంటే 8 లక్షలకీ ధీమా. ఆ రెండు బ్యాంకులూ కలిస్తే మిగిలేది 5 లక్షలకే. ఎప్పుడో జాగ్రత్తపడి రెండు చోట్ల దాచింది, మన ప్రమేయం లేకుండానే ఒకే చోటికి చేరుతుంది.

నేను చేసిన పని కూడా చెబుతాను. చీటీ పాడుకున్న డబ్బు 50,000 నా పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని మీద క్రెడిట్ కార్డు తీసుకున్నాను. జీతం లేని ఆడవాళ్ళకి కూడా ఇలా ఇస్తారు. డిపాజిట్ మీద వడ్డీ మానాన అది వస్తుంది, కార్డు మానాన అది నడుస్తుంది. ఇప్పుడు ఇంటి బీమా ఆ కార్డు మీద ఉంది, కబుర్లు నా ఫోనుకి వస్తాయి. "ఇంట్లో ఇంకో కార్డు ఎందుకు?" అని మా వారు అడగలేదు. ఆ నాలుగు రోజుల సంగతి ఆయనకీ గుర్తుంది.

బ్యాంకులు ఇక ముందూ కలుస్తూనే ఉంటాయి. భారత లక్ష్మి పోయి ఆంధ్రా వచ్చింది, ఆంధ్రా పోయి యూనియన్ వచ్చింది, రేపు అదేమవుతుందో ఎవరు చూశారు? బోర్డులు ఆపడం మన చేతిలో లేదు. కానీ ఎన్ని బోర్డులు మారినా లెక్కల పుస్తకం మాత్రం ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి పదిలంగా చేతులు మారుతుంది. ఆ పుస్తకంలో మీ పేరు ఎక్కడుందో, అసలు ఉందో లేదో, ఈ వారం తీరిక చేసుకుని ఒక్కసారి చూసుకోండి.